కోలారు సీమలో లేతమొక్కలకు తొలి చలికాలము

కోలారు మండలమునకు ఏడాది పొడవునను పారు నది యొక్కటియు లేదు. నందిదుర్గ ప్రాంతమున పుట్టిన పాలారు ఈ సీమ మీదుగా ఆంధ్ర, తమిళ దేశములకు పోవుచున్నను, దాని యిసుకపై నీరు కనబడు దినములు స్వల్పము. పూర్వులు కట్టించిన చెరువులు, ఆ చెరువుల చలువతో ఊరెడి బావులు, ఆకాశము నుండి కురియు వాన, ఇవియే ఇచ్చటి సేద్యమునకు అనాదిగా ఆధారములు. ఏటి వర్షపాతము సుమారు 700 నుండి 750 మిల్లీమీటర్లు. అందు పెద్ద పాలు సెప్టెంబరు, అక్టోబరు మాసములలో కురియును. నవంబరు గడచిన పిమ్మట ఏప్రిల్ వచ్చు వఱకు చెప్పుకొనదగిన వాన ఉండదు.

ఇట్టి సీమలో ముళబాగిలు, శ్రీనివాసపురము, బంగారుపేట తాలూకాల తెలుగు రైతులు రాగియు, రాగితో కూడ అనపయు పండించుకొనుచు, మామిడి తోటలు పెంచుచున్నారు. శ్రీనివాసపురము మామిడికి పేరు పొందిన చోటు. తోతాపురి, బాదామి, రసపూరి, నీలము, బేనిషా మున్నగు రకములు ఇచ్చట పండును. ఏటేట ఆషాఢ శ్రావణములలో కొత్త అంటుమొక్కలు గుంతలకు ఎక్కును. వానలు కురియునంత కాలము అవి పచ్చగ కలకలలాడును. మరల చైత్రము వచ్చునప్పటికి వరుసలలో ఖాళీలు ఏర్పడును. “ఎండకు మాడిపోయినవి” అని రైతు నిట్టూర్చి, మరుసటి యేడు ఆ గుంతలలో వేఱు మొక్కలు నాటును. ఒక మొక్క పోయిన పోయినది దాని వెల మాత్రమే కాదు. నాలుగైదేండ్లకు కాపునకు రావలసిన చెట్టు ఒక యేడు వెనుకబడును. చిన్న కమతము గల కుటుంబమునకు ఆ యేడు చిన్న విషయము కాదు.

ఎండకు మాడినవను మాట పైకి నిజమే. కాని చైత్రమున కనబడు ఆ చావునకు కారణము తఱచుగా మార్గశిర పుష్య మాసములలోనే ఏర్పడుచున్నది. ఎండకాలపు మరణము చలికాలపు ఉపేక్ష యొక్క ఫలము. ఆ సంగతిని నిరూపించి, ఆ నాలుగు మాసములలో లేతమొక్కకు చేయవలసిన సంరక్షణను వివరించుట ఈ వ్యాసము ఉద్దేశము.

చలియా, పొడియా?

సముద్రమట్టమునకు సుమారు 800 మీటర్లకు పైబడిన ఎత్తున నున్న పీఠభూమి గనుక కోలారు సీమకు చలికాలమని చెప్పదగిన కాలము కలదు. డిసెంబరు, జనవరి రాత్రులలో ఉష్ణత సుమారు 15 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగును. ఒక్కొక్క రాత్రి అంతకంటె తగ్గుటయు కలదు. కాని నీరు గడ్డకట్టు చలి ఇచ్చట లేదు. నీలగిరులలో వలె తెల్లవారునప్పటికి పచ్చిక మీద మంచు పేరుకొనదు. అందుచేత చలి వలన మొక్క చచ్చునను భయము కోలారునందు అనవసరము.

భయపడవలసినది గాలిలోని పొడికి. ఈశాన్య ఋతుపవనము వాన నిచ్చుట మానిన తరువాత, అదే దిక్కునుండి వీచు గాలి తేమ లేనిదై వచ్చును. గాలికి ఎండబెట్టు శక్తి యెంత అనునది ఆ గాలి ఇముడ్చుకొనగల ఆవిరికిని, దానిలో నిజముగా నున్న ఆవిరికిని గల భేదమును బట్టి యుండును. ఒక ఉదాహరణము తీసికొందము. వానకాలపు దినమున ఉష్ణత 24 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత నూటికి 85 అనుకొన్నచో, ఆ భేదము పాదరస మానమున సుమారు 3.4 మిల్లీమీటర్లు. మాఘమాసపు మధ్యాహ్నము ఉష్ణత 28 డిగ్రీలు, ఆర్ద్రత నూటికి 35 అనుకొన్నచో, ఆ భేదము సుమారు 18.4 మిల్లీమీటర్లు. ఉష్ణత పెరిగినది నాలుగు డిగ్రీలే. ఎండబెట్టు శక్తి మాత్రము అయిదు రెట్లకు మించినది. మనుష్యునకు ఆ మధ్యాహ్నము హాయిగా తోచును. పెదవులు పగులుట తప్ప వేఱు బాధ తెలియదు. ఆ పెదవులను పగుల్చు గాలియే ఆకునందలి నీటిని కూడ పీల్చుచున్నదని ఎవరికిని తోచదు. కావుననే ఆ దినములలో కుండ పట్టుకొని తోటకు పోవువారు అరుదు.

లేతమొక్క దుర్బలత

ఆకు వెనుకనుండు సూక్ష్మ రంధ్రముల గుండ నీరు ఆవిరియై పోవుటను బాష్పోత్సేకమందురు. పోయిన నీటిని వేళ్ళు పూరింపవలెను. ముదిరిన మామిడిచెట్టు వేళ్ళు చాల లోతునకు దిగి, పైనేల ఎండినను క్రింది తేమను అందుకొనును. కొత్తగా నాటిన అంటుమొక్కకు ఆ శక్తి లేదు. నర్సరీ సంచిలో నున్న మట్టిగడ్డ యెంతయో, దాని నీటి నిధియు అంతయే. చుట్టును ఉన్న నేలలో తేమ యున్నను, వేళ్ళు ఆ గడ్డను దాటి బయటికి చొచ్చుకొని పోవువఱకు మొక్కకు అది అందని ధనము. ఎండ కాచిన కొలది దినములలోనే ఆ చిన్న గడ్డలోని నీరు అయిపోవును. పాదు పైకి తడిగా కనబడుచుండగనే మొక్క దప్పిగొనుట ఇందువలననే.

దీనికి చలి మరియొక చిక్కును చేర్చును. మామిడి ఉష్ణదేశపు చెట్టు. ఉష్ణత 15 డిగ్రీలకు దిగునప్పటికి దాని పెరుగుదల దాదాపు ఆగిపోవును; చల్లని నేలలో వేళ్ళు మందగించును. అనగా గాలి ఎక్కువ నీరు అడుగు కాలముననే వేళ్ళు తక్కువగా ముందుకు సాగును. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారము వంటిది ఆ మొక్క స్థితి. అప్పులేమియు వెంటనే బయటపడవు; ఆకులు పచ్చగనే యుండును. కాని ఫాల్గునము నాటికి వేళ్ళ కొనలు ఎండి, నీటిని పీల్చు మూలకేశములు నశించి, మొక్క లోలోపల గుల్ల యగును. చైత్రపు ఎండ ఆ పని ముగించును.

హైడ్రాంజియా నేర్పు పాఠము

చలికాలమున మొక్క చచ్చునది చలివలన కాదు, దప్పివలన అను సంగతిని చల్లని దేశముల తోటమాలులు మిక్కిలి స్పష్టముగ ఎఱుగుదురు. వారికి ఆ పాఠము నేర్పిన మొక్కలలో హైడ్రాంజియా ఒకటి. ఉదకమండలము, కొడైకెనాలు చూచినవారికి ఈ పొద సుపరిచితము. బంతివలె గుండ్రని గుత్తులుగా నీలము, గులాబి, తెలుపు వన్నెల పూలు పూయును. గ్రీకు భాషలో దాని పేరునకు నీటిపాత్ర అని అర్థము. విత్తనపు కాయ ఆకారమును బట్టి ఆ పేరు వచ్చినదందురు గాని, ఆ మొక్క నీటియాసను చూచినవారికి పేరు సార్థకముగనే తోచును. వెడల్పయిన దాని ఆకులు మధ్యాహ్నపు ఎండకు వ్రేలబడి, సాయంకాలమునకు మరల లేచును.

ఉత్తర అమెరికాలోని కొలరాడో, కెనడా మైదానముల వంటి చోట్ల చలియు, పొడియు కలిసి యుండును. అచ్చట నేల గడ్డకట్టినప్పుడు వేళ్ళకు నీరు దొరకదు. పైని ఎండయు గాలియు కొమ్మలలోని తేమను హరించును. కొత్తగా నాటిన హైడ్రాంజియా ఈ రెంటి నడుమ నలిగి ఎండిపోవును. అందుచే అచ్చటి తోటమాలి నేల గడ్డకట్టక మునుపే మొక్కకు లోతుగ నీరు పెట్టును. మొదట ఎండుటాకులను పలుచగా కాక దట్టముగ కప్పును. గాలి వచ్చు వైపున గోనెపట్టా కట్టును. శీతకాల మధ్యమున నేల కరగిన వెచ్చని దినము వచ్చినచో మరల నీరు పోయును. వేసవి చివర ఎరువు వేయుట మానును. ఏలయన ఎరువునకు వచ్చిన లేతచిగురు చలికి నిలువదు.

ఇంకొక విశేషము కలదు. జపాను దేశమునకు చెందిన పెద్ద ఆకుల హైడ్రాంజియా రాబోవు యేటి పూమొగ్గలను శరత్కాలముననే పాత కొమ్మల కొనలందు సిద్ధపఱచుకొనును. ఆ కొమ్మలు చలికాలమున ఎండినచో, వసంతమున మొక్క మొదటి నుండి చిగిర్చి బ్రదుకును గాని ఆ యేడు పూయదు. పానిక్యులాటా, ఆర్బొరెసెన్స్ అను జాతులు కొత్త చిగుళ్ళ పైననే పూయును గనుక కఠినమైన చలి సీమలకు అవియే తగినవి. మొక్కను కాపాడుటకు ముందు తగిన మొక్కను ఎన్నుకొనుట వివేకమని దీనివలన తేలుచున్నది.

కోలారునకు ఈ పద్ధతులన్నియు యథాతథముగ పనికిరావు. ఇచ్చట నేల గడ్డకట్టదు. కాని మూలసూత్రము ఒక్కటే. పొడికాలము రాకముందే వేళ్ళను సిద్ధపఱచుట, ఉన్న తడిని పోనీయకుండుట, గాలిని అడ్డుట. ఈ మూడింటిని మామిడికి అన్వయించి చూతము.

నాటుట: సగము సంరక్షణ

చలికాలపు సంరక్షణ ఆషాఢముననే ఆరంభమగును. జూన్, జూలైలలో నాటిన మొక్కకు పొడికాలము వచ్చులోపల నాలుగైదు మాసముల వ్యవధి దొరకును. వేళ్ళు గడ్డను దాటి నేలలో పట్టు చిక్కించుకొనును. అక్టోబరు చివర, వాన బాగుగ కురిసినదను సంతోషమున నాటిన మొక్కకు ఆ వ్యవధి నెలకు మించదు. నేల తడిగా నున్నది కదా అని అప్పుడు నాటుట పెండ్లి వెళ్ళిపోయిన తరువాత పందిరి వేయుట వంటిది. అట్టి మొక్కను నీటి వసతి గల చోట నిలిపి యుంచి, వచ్చు ఆషాఢమున నాటుట మేలు.

గుంతను వేసవిలోనే మూడడుగుల లోతున, మూడడుగుల వెడల్పున త్రవ్వి, ఎండనిచ్చి, పైమన్నును మాగిన పశువుల యెరువుతో కలిపి నింపవలెను. ఇచ్చటి ఎఱ్ఱ నేలల క్రింద గట్టి గరుగు ఉండుట సాధారణము గనుక ఈ త్రవ్వకము అవసరము. సంచిని పూర్తిగా తీసివేసి, గడ్డ చెదరకుండ, అంటు కట్టిన చోటు నేలకు జానెడు ఎత్తున ఉండునట్లు నాటవలెను. సంచి యడుగున వేళ్ళు చుట్టుకొని యుండినచో వానిని విడదీయవలెను; చుట్టుకొన్న వేరు చుట్టుకొనియే పెరుగును. గాలికి మొక్క ఊగినచో కొత్త వేళ్ళు తెగును గనుక ఊతకఱ్ఱ నాటి వదులుగ కట్టవలెను.

నీటి వసతి బొత్తిగ లేని మెట్టచేలకు మరియొక మార్గము కలదు. నాటవలసిన చోటనే మామిడి టెంక పాతి, మొలచిన మొక్కకు అచ్చటనే అంటు కట్టుట. దానివలన తల్లివేరు సంచిలో చుట్టుకొనక, తెగక, నేరుగ లోతునకు దిగును. ఫలితము ఆలస్యమైనను మొక్క గట్టిది. మైసూరు రాష్ట్ర ఉద్యాన శాఖను నడపిన డాక్టరు ఎం. హెచ్. మరిగౌడ మెట్టభూములలో ఫలవృక్షములను పెంచుటను విశేషముగ ప్రోత్సహించిరి. వానపై ఆధారపడిన సేద్యమునకు చెట్టు ఒక భరోసా యగునని ఆ ప్రయత్నము ఆశయము. ఆ భరోసా నిలుచుట తొలి యేటి వేరుపై ఆధారపడి యున్నది.

నీటి లెక్క

కోలారు సీమలో నీరు పోయుమని చెప్పుట సులభము, పోయుట కష్టము. గొట్టపు బావులు వేయి అడుగులు దాటి పోయినను నీరు పడని చోట్లు కలవు. కనుక ఎంత నీరు కావలెనో లెక్క చూచుకొనుట మంచిది.

పది మీటర్ల ఎడముతో నాటినచో ఎకరమునకు 40 మొక్కలు. డిసెంబరు మొదలు ఫిబ్రవరి వఱకు 13 వారములు, వారమునకు మొక్కకు 10 లీటర్లు; మార్చి మొదలు మే వఱకు 13 వారములు, వారమునకు 20 లీటర్లు అనుకొందము. మొత్తము 15,600 లీటర్లు. అయిదు వేల లీటర్ల టాంకరు మూడు సారులు తెచ్చిన నీటికి ఇది కొంచెము ఎక్కువ. అదే యెకరమంతయు ఒక్క అంగుళము లోతున తడుపవలెనన్నచో లక్ష లీటర్లకు పైగా కావలెను. అనగా ఆరు మాసముల పాటు నలువది మొక్కలను బ్రదికించు నీరు, చేను ఒక్క అంగుళము తడుపు నీటిలో ఆరవ వంతునకును తక్కువ. నీరు లేక మొక్కలు చచ్చినవనుటకంటె, ఉన్న కొలది నీరు సరియైన వారమున సరియైన చోటికి చేరక చచ్చినవనుట తఱచుగ సత్యమునకు దగ్గఱ.

ఆ సరియైన వారము వాన ఆగిన మూడవ వారము. ఆకు వ్రేలబడిన వారము కాదు. పాదులో జానెడు లోతున మట్టి తీసి పిడికిట నొక్కి చూడవలెను. ముద్ద కట్టినచో ఆగవచ్చును. పొడిగా రాలినచో నీరు పోయవలెను. రోజు చెంబెడు పోయుట కంటె వారమున కొకసారి బిందెడు నీరు మెల్లగ ఇంకనిచ్చుట మేలు. చెంబెడు నీరు పైపొరలోనే నిలిచి వేళ్ళను పైకి పిలుచును. ఆ పైపొరయే ఎండకాలమున మొదట కాలును. ఇంకిన నీరు వేళ్ళను క్రిందికి నడుపును.

నీటిని లోతునకు చేర్చు పురాతన సాధనము మట్టికుండ. క్రీస్తుపూర్వము 1వ శతాబ్దమున చైనాలో ఫాన్ షెంగ్‌జి చెప్పిన వ్యవసాయ గ్రంథమున, పాతిపెట్టిన కుండ చుట్టును తీగలు నాటు పద్ధతి వర్ణింపబడినది. మెఱుగు పూయని కొత్త కుండను మొక్కకు అడుగు ఎడముగ మెడ వఱకు పాతి, నీరు నింపి మూత పెట్టవలెను. చుట్టునున్న మన్ను ఎండిన కొలది కుండ గోడల గుండ నీటిని లాగుకొనును. తడిసిన మన్ను లాగుకొనదు. మొక్క అవసరమును కుండయే కనిపెట్టినట్లు పని జరుగును. పైనేల పొడిగా నుండుటచే ఆవిరియై పోవు నీరును, కలుపును తక్కువ. కోలారు బావుల నీటిలో ఉప్పులు అధికము గనుక రెండు మూడేండ్లకు కుండ రంధ్రములు పూడిపోవును. అప్పటికి మొక్కకు కుండ అవసరమును తీరి యుండును.

కప్పు, చెదలు

పోసిన నీటిని నిలుపునది పాదుపై కప్పు. నాలుగంగుళముల మందమున పరచిన చెత్త ఎండను, గాలిని నేల తాకనీయదు; రాత్రి చలిని కూడ కొంత ఆపి వేళ్ళకు వెచ్చదనము నిచ్చును. దీనికి రాగి గడ్డి పనికివచ్చును గాని, ఈ సీమలో రాగి గడ్డి పశువుల ప్రాణము. దానిని పాదులలో పరచుమనుట రైతునకు రుచింపదు, రుచింపనక్కఱయు లేదు. వేరుసెనగ పొట్టు, ఎండిన అనప కట్టె, కానుగ ఆకు, తోటలో రాలిన మామిడి ఆకు, ఇవి చాలును.

అయితే చెత్త ఉన్న చోటికి చెదలు వచ్చును. ఎఱ్ఱ నేలలలో, పొడికాలమున, చెదలకు తడి పాదుకంటె ఇష్టమైన చోటు లేదు. చెత్తను మొదలికి జానెడు ఎడముగ ఉంచి, కాండము చుట్టును నేలను బోసిగ వదలవలెను. గుంత నింపునప్పుడు బాగుగ మాగని పశువుల యెరువు వాడరాదు. వేపపిండి కలుపుట మంచిది. పక్షమున కొకసారి చెత్తను ఎత్తి చూచి, మట్టి గొట్టములు కనబడినచో రాల్చివేయవలెను. కప్పి మఱచినవాడు కప్పనివానికంటె ఎక్కువ నష్టపడుట కలదు.

గాలి, ఎండ, మేక, పూత

చలికాలమున సూర్యుడు దక్షిణమునకు ఒరిగి నడచును. అందుచే నీడ నెత్తిపై కాక దక్షిణము, పడమర వైపుల కావలెను. రెండు కొబ్బరి మట్టలు లేదా ఈత మట్టలు ఆ వైపుల గ్రుచ్చినచో చాలును. తూర్పు ఎండ తగులనీయవలెను. తోట అంచున గాలికి అడ్డముగ సరుగుడు, కానుగ, సిల్వరు ఓకు వరుసలు పెంచుట దీర్ఘకాలపు ఉపాయము. కాండమునకు సున్నము పూసినచో ఎండకు బెరడు పగులదు.

రాగి కోత ముగిసిన తరువాత చేలు పశువులకు విడువబడును. అంతవఱకు పైరు నడుమ క్షేమముగ నున్న లేతమొక్క ఒక్కసారిగ చేనంతటిలో పచ్చని వస్తువు తానొక్కటియే యగును. మేక ఒక్క నిమిషమున కొఱికినది మరుసటి వానకు గాని పూడదు. కావున కోతకు ముందే ప్రతి మొక్క చుట్టును తుమ్మకంప వేయవలెను. కోసిన పిమ్మట వేయుదమనుకొన్నవారు తఱచుగ ఆలస్యమైన వారే.

ఇక పుష్య మాఘములలో చిన్న అంటు కూడ పూత పూయును. కొమ్మ ముదిరిన చెట్టు నుండి తెచ్చినది గనుక దానికి వయస్సు తెలియదు. జానెడు మొక్క పూయుట చూచి మురిసి, పిందె కట్టినదని ఇరుగుపొరుగులకు చూపుట సహజమే. కాని ఆ పూత వేరునకు పోవలసిన బలమును దోచును. మొదటి మూడేండ్లు పూతను గిల్లివేయవలెను. అంటు క్రింద మొలచిన చిగుళ్ళను కూడ తీసివేయవలెను; అవి నాటుమొక్కవే గాని కోరిన రకమువి కావు.

గనుల దిబ్బలు, బంగళాల తోటలు

కోలారు బంగారు గనులు ఈ విషయమునకు రెండు విరుద్ధ దృష్టాంతములను చూపుచున్నవి. 1880 నుండి జాన్ టేలర్ కంపెనీ వారి యాజమాన్యమున గనులు వర్ధిల్లిన దినములలో ఆంగ్లేయ అధికారుల బంగళాల చుట్టును పూలతోటలు వెలసినవి. ఆ సీమకు చిన్న ఇంగ్లండు అను పేరు వచ్చినది. ఆ తోటలను బ్రదికించినది వాతావరణము కాదు. బేతమంగళము చెరువు నుండి గొట్టములలో వచ్చిన నీరును, దానిని మోసి పోసిన మాలీల చేతులును. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. నిత్యము పోయు నీటిపైననే నిలిచిన మొక్క ఆ చేయి ఆగిన నాడే కూలును. లోతునకు వేరు దింపిన చెట్టు నిలుచును.

రెండవది గనుల తిప్పలు. బంగారము తీసిన పిమ్మట మిగిలిన రాతిపిండి మూడు కోట్ల టన్నులకు పైగ దిబ్బలుగ పేరుకొని యున్నది. సయనైడు దిబ్బలని వానిని జనులు పిలుతురు. అందు సేంద్రియ పదార్థము లేదు. పొడికాలమున పైపొర గాలికి లేచి ఊరిపై పడును. ఈ దుమ్ము నణచుటకు మొక్కలు పెంచుట ఒక మార్గము. కాని అట్టి నేలపై లేతమొక్కకు కోలారు చేనులోని కష్టములన్నియు రెట్టింపగును; ఎగురు ఇసుక ఆకును గీయును, మొదలిని బోసిచేయును. అచ్చట మొదట గడ్డిని, పిమ్మట పొదను, ఆ పొద చాటున చెట్టును పెంచవలెను. గాలికి అడ్డు లేక చెట్టును ముందు నాటుట వ్యర్థము.

పెరటిలో హైడ్రాంజియాయే కావలెనని ముచ్చటపడువారు దానిని ఇంటికి తూర్పున, పది గంటల పిమ్మట నీడ పడు చోట, పెద్ద తొట్టిలో పెంచవచ్చును. ఆకుమన్ను హెచ్చుగ వేసి, చలికాలమున కూడ మట్టిని ఎండనీయక, వీలైనచో వాననీటిని పోయవలెను. సున్నపు పాలు గల బావినీటికి పూలు గులాబి వన్నెకు తిరుగును. నీలపు వన్నెకు పులుపు నేలయు, అందలి అల్యూమినియమును కావలెను. మండు వేసవిలో దానిని కాపాడుట చలికాలము కంటె కష్టము. కొండల పొదను మైదానమునకు తెచ్చినవారు ఆ శ్రమకు సిద్ధపడవలెను.

చచ్చినదా, బ్రదికియున్నదా?

ఆకులు రాలిన మొక్కనెల్ల చచ్చినదని పెఱికివేయుట మరియొక పొరపాటు. ఆకు రాల్చుట కొన్నిసారులు దప్పిగొన్న మొక్క ప్రాణరక్షణకు చేసికొన్న ఉపాయమే. గోటితో బెరడును కొంచెము గీచి చూడవలెను. లోన పచ్చగ, తడిగ నున్నచో ప్రాణము కలదు. గోధుమ వన్నెగ ఎండి యున్నచో ఇంకను క్రిందికి పోయి గీచి చూడవలెను. అంటుకు పైని ఒక్క అంగుళము పచ్చగ నున్నను, తొలకరి వచ్చు వఱకు నీరు పోయుట మానరాదు.

1980 దశకమున సామాజిక వనముల పేర కోలారు చేలలో నీలగిరి చెట్లు విస్తారముగ వ్యాపించినవి. దానికి ఒక కారణము, అది తొలి యేటి తరువాత యజమాని ముఖము చూడకయే బ్రదుకుట. కాని తనను పోషించుకొను ఆ చెట్టు నేలలోని నీటిని హెచ్చుగ తీసికొనునను ఫిర్యాదు పెరిగి, 2017లో కర్ణాటక ప్రభుత్వము కొత్తగా దానిని నాటుటను నిషేధించినది. 2018 నుండి బెంగళూరు నగరపు శుద్ధి చేసిన వాడుకనీరు కోరమంగల చల్లఘట్ట లోయ పథకము ద్వారా కోలారు చెరువులకు వచ్చుచున్నది. చెరువు నిండిన చోట బావులకు ఊట పెరిగినను, నేలకును మొక్కకును మిగులు నీరు ఎల్లవేళల కొలతకు లోబడినదే. కాపాడుటకు కష్టమని మామిడిని విడిచి నీలగిరిని పట్టుట ఒక తరము చేసి చూచిన బేరము. మామిడి కోరువాడు ఆ నాలుగు మాసముల కష్టము పడవలసినదే.

ఆ కష్టమును సంగ్రహించి చెప్పవలెనన్నచో ఇట్లుండును. కార్తికమున తుది వాన తడి యుండగనే పాదు సవరించి, చెత్త కప్పి, కుండ పాతుట. మార్గశిరమున రాగి కోతకు ముందు కంప వేసి, దక్షిణ పశ్చిమములకు నీడ కట్టుట, మొదటి బిందె నీరు పోయుట. పుష్య మాఘములలో వారము తప్పక తడి చూచుట, చెదలు చూచుట, పూతను గిల్లుట. ఫాల్గునము నుండి నీటిని రెట్టింపు చేయుట. ఊరంతయు అనపకాయల కూరతో చలిని మఱచియుండు దినములలో, గాలి హాయిగ తోచునప్పుడు, బిందె పట్టుకొని తోటకు నడచు రైతుకు చైత్రమున వరుసలలో ఖాళీలు కనబడవు.